ఓడమీది విందు

సింగపూరునుండి పినాంగునకు బోవు విహారనౌకలో మొదటిరాత్రి గొప్పవిందు. తెల్లని బల్లగుడ్డలు, పింగాణీపళ్లెములు, ఒక్కొక్కరికి మూడేసి చెంచాలు! అత్తగారు పప్పన్నము చేతితో గలుపబోగా, తోడికోడండ్రము మేమిద్దఱము నలుగురిలో సిగ్గుపడి ముళ్లచెంచాను వారి చేతబెట్టితిమి. వారు మాఱుమాటాడక నాలుగు మెతుకులు కతికి లేచిరి. వంటవానిని నిందింపరాదు, మాకే మింగుడుపడలేదు.

మఱునాడు పినాంగు రేవున దిగితిమి. అచ్చటి జార్జిటౌనును 2008లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వస్థలములలో జేర్చిరి. పూర్వము తమిళ ముసల్మానులు వీథులవెంట అన్నమును, కూరలను కావడిలో మోసి యమ్మెడివారు. మలయాభాషలో 'నాసి' యనగా అన్నము, 'కందార్' అనగా కావడిబద్ద. నేటికిని ఆ భోజనమునకు నాసికందార్ అనియే పేరు. అది మాంసముతో గూడినది గనుక మేము శాకాహారపు పూటకూళ్లయింట అరటియాకులు వేయించుకొంటిమి. సాంబారు పోయగానే అత్తగారు తృప్తిగా గలిపి, ముద్దలు చేసి, "పట్టండే!" యని మా యిద్దఱి చేతులలో బెట్టిరి. మేము తలలెత్తలేకపోతిమి.

పిదప చెండోలు: బియ్యపుపిండితో జేసిన పచ్చని పోగులు, కొబ్బరిపాలు, తాటిబెల్లమువంటి పాకము, పైని మంచుతురుము. అత్తగారు రెండవగిన్నె యడిగిరి.

ఆ రాత్రి విందుబల్లయొద్ద మువ్వురమును చేతులతోనే తింటిమి. వడ్డించువాడు గోరువెచ్చని నీటిలో నిమ్మబద్ద వేసి, ముందుగా అత్తగారి యెదుట నుంచెను.