రాళ్ళున్నాయి, ఎముక లేదు

12 జులై 2025, శనివారం. నంద్యాల

మనవరాలు ఫోన్ చేసింది. స్కూల్లో ప్రాజెక్టట. "తాతా, 74 వేల ఏళ్ళ కిందటే మనలాంటి మనుషులు జ్వాలాపురంలో ఉన్నారంట కదా, అట్లే రాసేద్దునా?" అంది. రేపు చెప్తానన్నాను.

జ్వాలాపురం ఉన్నది బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలో. అక్కడ తెల్లటి బూడిద పొర ఉంది. సుమారు 74 వేల ఏళ్ళ కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలో వచ్చి పడింది. వానలకు కొట్టుకొచ్చి చేరడంతో కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా పేరుకుంది. దాని కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయని మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడ్ ప్రొఫెసర్ రవి కోరిశెట్టర్ బృందం 2007లో 'సైన్స్' పత్రికలో ప్రకటించింది. బూడిద పడకముందువీ పడ్డాకవీ ఒకే తీరున ఉన్నాయి, ఆఫ్రికా మధ్య రాతియుగపు పనితనానికి దగ్గరగా ఉన్నాయి, కాబట్టి చేసింది ఆధునిక మానవుడే కావచ్చునని వాళ్ళ వాదం. కేంబ్రిడ్జిలో పాల్ మెలర్స్ ఒప్పుకోలేదు. ఆధునిక మానవుడు ఇక్కడికి వచ్చింది గడిచిన 60 వేల ఏళ్ళలోనేనని ఆయన పట్టు.

13 జులై, ఆదివారం

పిల్లకు చెప్పింది ఇది. ఇజ్రాయెల్‌లో కాఫ్జే, స్ఖూల్ గుహల్లో ఆధునిక మానవుల అస్థిపంజరాలు దొరికాయి. సుమారు 90 వేల నుంచి 120 వేల ఏళ్ళవి. అదే ప్రాంతంలో కెబారా గుహలో దొరికింది నియాండర్తల్ మనిషి. ఇద్దరి రాతి పనిముట్లూ ఒకే కోవవి. ఎముకలు లేకుండా ఆ రాళ్ళే దొరికి ఉంటే, ఏ గుహలో ఎవరున్నారో చెప్పగలిగేవాళ్ళమా? జ్వాలాపురంలో ఆ కాలపు ఎముక ఒక్కటీ లేదు. "అయితే 'ఎవరో ఉన్నారు' అని రాస్తాలే" అని పెట్టేసింది. నేను అరగంట చెప్పింది రెండు మాటల్లో తేల్చేసింది!

19 జులై, శనివారం

రాత్రంతా ఒక వేలి ఎముకే బుర్రలో తిరిగింది. సౌదీ అరేబియా నెఫూద్ ఎడారిలో అల్ వుస్తా అనే చోట 2016లో దొరికింది. మనిషి వేలి మధ్య కణుపు. పొడవు మూడు సెంటీమీటర్ల పైచిలుకు, చింతగింజలు రెండు వరసగా పెట్టినంత. యురేనియం పద్ధతిలో నేరుగా ఆ ఎముకకే వయసు కట్టారు. 85 వేల ఏళ్ళకు అటూ ఇటూ. ఇప్పుడు ఇసుక దిబ్బలున్నచోట అప్పుడు మంచినీటి చెరువు. నీటిగుర్రాల ఎముకలూ అక్కడే దొరికాయి. వానలు దండిగా పడిన కాలంలో ఎడారి దారి ఇచ్చిందన్నమాట. ఆఫ్రికా నుంచి తీరం వెంబడే నడిచి వచ్చారనే పాత కథ నాకెప్పుడూ అరకొరగానే తోచేది.

ఇంకా వెనక్కి వెళితే ఇజ్రాయెల్‌లోనే మిస్లియా గుహ దవడ ఉంది, పళ్ళతో సహా, 177 నుంచి 194 వేల ఏళ్ళది. గ్రీసులో అపిడిమా కపాలానికి 210 వేలు అంటారు కానీ, అది తల వెనక భాగం మాత్రమే. దాని మీద తగువు తెగలేదు.

అయితే వచ్చినవాళ్ళంతా నిలవలేదు. సైబీరియాలో ఉస్త్-ఇషీమ్ దగ్గర ఇర్తిష్ నది ఒడ్డున దొరికిన తొడ ఎముక 45 వేల ఏళ్ళది. 2014లో దాని డీఎన్ఏ చదివారు. నియాండర్తళ్ళతో కలయిక ఆ మనిషి పుట్టడానికి కొన్ని వేల ఏళ్ళ ముందే జరిగిందని తేలింది. ఆఫ్రికా బయట ఈనాటి అందరిలోనూ ఆ అంశ రెండు శాతం దాకా ఉంది. అంటే మనమంతా ప్రధానంగా అల్ వుస్తా కాలం తర్వాతి వలస సంతానమే. అల్ వుస్తా వేలి మనిషి వంశం బహుశా అక్కడే ఆగిపోయింది. జ్వాలాపురంలో ఉన్నది ఆధునిక మానవుడే అని రేపు రుజువైనా, అతను మనకు తాత అవుతాడని నమ్మకం లేదు.

2 ఆగస్టు, శనివారం

చైనాలో ఫుయాన్ గుహ సంగతి చదివాక మనసు గట్టిపడింది. 47 పళ్ళు, కనీసం 80 వేల ఏళ్ళవని 2015లో చెప్పారు. 2021లో వేరేవాళ్ళు కొన్ని పళ్ళనే నేరుగా పరీక్షిస్తే 20 వేల ఏళ్ళలోపే తేలింది. మొదటి బృందం ఇంకా ఒప్పుకోవడం లేదు. పొర వయసు పంటి వయసు కాదు. గుహలో నీళ్ళు పారితే పన్ను ఏ పొరలోకైనా జారుతుంది. లావోస్‌లో తామ్ పా లింగ్ గుహ దగ్గర అందుకే ఏళ్ళ తరబడి, పొర పొరకూ వేర్వేరు పద్ధతుల్లో వయసు కట్టారు. అక్కడ లోతున దొరికిన కాలి ఎముక ముక్కకు 68 నుంచి 86 వేల ఏళ్ళు. నాకు అదే ఎక్కువ నమ్మకం.

మన ఉపఖండంలో ఆధునిక మానవుడి ఎముకల్లో పాతవి శ్రీలంక ఫా హియెన్ గుహవి, 38 వేల ఏళ్ళ దరిదాపు. జ్వాలాపురం రాతి ఆవాసంలో దొరికిన కపాలం ముక్కలు అంతకన్నా చాలా తర్వాతివి, 20 వేల ఏళ్ళ లోపువి. మన ఎండలూ వానలూ ఎముకను నిలవనివ్వవని అంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. బేతంచెర్ల దగ్గర బిల్ల సుర్గం గుహల్లో 1880లలోనే భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కొడుకు గంపల కొద్దీ జంతువుల ఎముకలు తీశారు. అందులో ఒక ఖడ్గమృగానికి, ఆ ఎముకలను పరిశీలించిన లిడెక్కర్ కర్నూలు పేరే పెట్టాడు. ఈ సున్నపురాయి గుహలు ఖడ్గమృగం ఎముకను దాచాయంటే మనిషి ఎముకనూ దాచగలవు. జుర్రేరు లోయలో బూడిద పొర వెంట తవ్వినంత ఓపికగా ఈ గుహల అడుగు పొరలు తవ్వాలి. దానికి డబ్బిచ్చేవాళ్ళు కావాలి, ఈలోగా నాపరాయి గనులవాళ్ళు ఆ కొండల జోలికి రాకుండానూ ఉండాలి.