బస్తాలో చేయి పెట్టి చూడండి

సహీహ్ ముస్లింలోని ఒక హదీసును మేము ఇరవై ఏళ్ళకు పైగా పిల్లలకు బోధిస్తూ వస్తున్నాము. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ఒక ధాన్యపు రాశి ప్రక్కగా వెళ్తూ ఆగారు. అందులోకి చేయి పోనిచ్చారు. వ్రేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వానకు తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. అలాగైతే జనానికి కనిపించేలా తడి గింజలను పైనే ఎందుకు ఉంచలేదని ఆయన (సఅసం) నిలదీశారు. మోసం చేసేవారికి తమతో సంబంధం లేదని హెచ్చరించారు.

ఈ హదీసు చెప్పినప్పుడల్లా అమ్మేవాని తప్పును వివరించాము. కొనేవాడు కూడా చేయి పెట్టి చూడాలన్న సంగతి మాత్రం గత ఏడాది దాకా మాకు స్ఫురించలేదు.

మా మద్రసాలో ఉండి చదువుకునే పిల్లలు 30 మంది. వారి వంటశాలకు సరుకులు తెచ్చే బాధ్యత మాది. ఆ డబ్బు దాతలు ఇచ్చినది, అంటే మా చేతిలో ఉన్న అమానత్. ఒక పట్టణంలో కిలోకు నాలుగు రూపాయలు తక్కువకు వస్తున్నాయని, 25 కిలోల బియ్యం బస్తాలు నాలుగు కొన్నాము. పైన గింజ ముత్యంలా ఉంది. రెండవ బస్తా సగానికి వచ్చేసరికి వంట చేసే ఖాలా మమ్మల్ని పిలిచి చూపించింది. లోపల గడ్డలు కట్టి, బూజు వాసన వేస్తున్నాయి. మిగిలిన రెండు బస్తాలూ అంతే. రసీదు తీసుకోలేదు గనుక దుకాణదారు ఒప్పుకోలేదు. 400 రూపాయలు మిగుల్చుకోబోయి 3,000 రూపాయల బియ్యం పారబోశాము. ఆ సొమ్మును మా జీతం నుండి మూడు నెలల పాటు కట్టాము. ఆ మూడు నెలలూ మా ఇంట్లో మాంసం వండలేదు.

సంగతి తెలిసి, మా దగ్గర చదివే ఒక పిల్లవాని తండ్రి కబురు పెట్టాడు. ఆయన చిన్నకోడూరులో వ్యవసాయం చేస్తాడు. "మౌలానా సాబ్, కితాబులు మీరు చెప్పండి. సరుకు కొనుడు నేను చెప్త" అన్నాడు. ఫిబ్రవరి మొదటి వారంలో సిద్దిపేట బస్టాండులో పల్లెవెలుగు బస్సు ఎక్కి బయలుదేరాము.

చిన్నకోడూరు మండల కేంద్రం. 2016 వరకు మెదక్ జిల్లాలో ఉండేది, ఆ ఏడాది అక్టోబరు 11న సిద్దిపేట కొత్త జిల్లా అయింది. ఈ మండలంలోని చంద్లాపూర్ దగ్గరే రంగనాయక సాగర్ జలాశయం ఉంది. 3 టీఎంసీల నీరు పట్టే ఆ జలాశయాన్ని 2020 ఏప్రిల్ 24న ప్రారంభించారు. లాక్‌డౌన్ రోజులవి. ఆ సాయంత్రమే రంజాన్ నెలవంక కనిపించిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. వానకూ బోర్లకూ ఎదురుచూసిన నేల ఇది. ఇప్పుడు దారికి ఇరువైపులా యాసంగి నాట్లు పచ్చగా కనిపించాయి.

రైతు ఇంట్లో మొదటి పాఠం బియ్యం గురించి. ఆయన రెండు గుప్పిళ్ళ బియ్యం తెచ్చి చూపించాడు. ఒకటి మొన్నటి వానాకాలపు పంట, మరొకటి ఏడాది నిలువ ఉన్నది. కొత్త బియ్యం మెత్తబడి ముద్ద అవుతుంది. పాతది నీరు ఎక్కువగా పీల్చుకుని, విడివిడిగా ఉడికి, బాగా ఒదుగుతుంది. కిలో ధర ఒకటి రెండు రూపాయలు ఎక్కువైనా, గిన్నెలో అన్నం ఎక్కువ. "ధర బస్తా మీద కాదు సాబ్, పళ్ళెం మీద చూడాలె" అన్నాడాయన.

రెండవది కాలాన్ని చూసి కొనడం. కంది కోత అయిన ఈ రోజుల్లో పప్పు, కొత్త మిర్చి వచ్చే ఈ నెలల్లో మిర్చి, వేసవి మొదట్లో చింతపండు కొనాలి. ఏడాదికి సరిపడా ఒక్కసారే కొనే స్తోమత లేకపోతే, నెలకు ఒక్క సరుకు చొప్పున కొనవచ్చు. ఎండలో ఆరబెట్టి, ఎండిన వేపాకు వేసి, మూత గట్టిగా పెడితే పురుగు పట్టదు. పది రూపాయల ప్యాకెట్లతో నెల గడిపే ఇల్లు తెలియకుండానే ఎక్కువ చెల్లిస్తుంది. 50 గ్రాముల కారం 25 రూపాయలైతే కిలో 500 పడినట్లు. ఎండుమిర్చి కొని గిర్నీలో పట్టించుకుంటే ధరా తగ్గుతుంది, అందులో ఏముందో కూడా మనకు తెలుస్తుంది.

ఆయన భార్య, పరదా చాటు నుండే, ఒక మాట చేర్చింది. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో ప్రారంభమైన సన్నబియ్యం పథకం కింద కార్డు మీద మనిషికి 6 కిలోలు వస్తున్నాయి. ఐదుగురున్న ఇంటికి 30 కిలోలు. "బియ్యానికి పెట్టే పైసలు మిగిలినయి. అవి చిప్స్ ప్యాకెట్లకు పోతే పిల్లలకు ఏమొచ్చె? పప్పుకు, గుడ్లకు, ఆకుకూరకు పోవాలె" అన్నది. ఆమె లెక్క మా లెక్క కంటే మేలైనది.

తరువాత కిరాణా దుకాణానికి వెళ్ళాము. రైతు మమ్మల్ని త్రాసు ముందు నిలబెట్టాడు. సరుకు పెట్టకముందు అంకె సున్నా ఉందా, డబ్బా బరువు తీసివేశారా, త్రాసు మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందా అన్నవి చూడమన్నాడు. మాకు సంకోచం కలిగింది. అడిగితే సేటు నొచ్చుకుంటాడేమో అనుకున్నాము. ఆయన నవ్వి, "చెయ్యి పెట్టి చూస్కోండి సాబ్, నేనే చెప్తున్న" అని కందిపప్పు బస్తా మూతి విప్పాడు. మోచేతి దాకా పోనిచ్చి అడుగు నుండి గుప్పెడు తీశాము. పైనున్నదీ అడుగునున్నదీ ఒకటే. నిజాయితీగల వర్తకునికి పరీక్ష భారం కాదని ఆ రోజు తెలిసింది. రసీదు అడిగితే అదీ రాసి ఇచ్చాడు.

దివ్య ఖుర్ఆన్‌లో తూనికల్లో తగ్గించేవారి పేరు మీదనే ఒక సూరా ఉంది, అల్ ముతఫ్ఫిఫీన్. షుఐబ్ (అలైహిస్సలాం) మద్‌యన్ ప్రజలను హెచ్చరించినదీ కొలతల గురించే. అందువల్ల త్రాసు వైపు చూడటం పిసినారితనం కాదు, అనుమానమూ కాదు.

అయితే ఆ ప్రయాణంలోనే మా తప్పు ఒకటి బయటపడింది. రోడ్డు ప్రక్కన పాలకూర కట్టలు పెట్టుకుని ఒక అవ్వ కూర్చుని ఉంది. ఇంతసేపూ నేర్చుకున్న ఉత్సాహంలో ఆమెతో రెండు రూపాయల కోసం బేరమాడాము. "తీస్కో బిడ్డా, పొద్దెక్కితే వాడిపోతయి" అని ఇచ్చేసింది. నాలుగడుగులు వేశాక కాళ్ళు సాగలేదు. కొనేటప్పుడూ అమ్మేటప్పుడూ మెత్తగా ఉండేవారిని అల్లాహ్ కరుణించాలని దైవప్రవక్త (సఅసం) దుఆ చేశారు. అది కూడా మేము పిల్లలకు చెప్పే హదీసే. వెనక్కి వెళ్ళి ఆమె అడిగిన ధరే ఇచ్చాము. పెద్ద దుకాణంలో ముద్రించిన ధరకు నోరెత్తని మనం, బీద మనిషి దగ్గర గీచి గీచి బేరమాడితే మిగిలే డబ్బులో బర్కత్ ఉండదు. పరీక్ష సరుకుకు పెట్టాలి, అమ్మే మనిషి ఆకలికి కాదు.

సాయంత్రం మద్రసాకు చేరి, తెచ్చిన సరుకుల లెక్కను రసీదులతో సహా కమిటీ ముందు ఉంచాము. ఆ నెల ఖర్చు ముందటి నెల కంటే తగ్గింది. వారానికి రెండు రోజులు పిల్లలకు గుడ్డు పెట్టగలిగాము.

కొన్నాళ్ళకు తరగతిలో ఆ హదీసు పాఠం మళ్ళీ వచ్చింది. ఈసారి కితాబు మూసి, పిల్లలందరినీ వంటశాలకు తీసుకుపోయాము. చేతులు కడిగించి, తుడిపించి, కొత్తగా వచ్చిన బియ్యం బస్తా విప్పి, ఒక్కొక్కరినీ లోపలికి చేయి పోనివ్వమన్నాము. వెతికి వెతికి తీసిన చేతులన్నీ పొడిగానే బయటికి వచ్చాయి. ఖాలా ఆ బస్తా నుండే ఆ పూట అన్నం వండింది.