పిడికెడు బియ్యం

ఎసరు కాగుతుండగా మా నాయనమ్మ చాటలోంచి పిడికెడు బియ్యం తీసి పొయ్యి పక్కనున్న ముంతలో వేసేది. దేవుడి బియ్యం. ఆదివారం ఆ ముంత గుడికి తీసుకెళ్లి, ముందు పరిచిన దుప్పటి మీద పోసేవాళ్లం. మా ఒంగోలు వైపు పల్లెల్లో బాప్టిస్టు ఆడవాళ్లకి అలవాటే అది. సోలా తవ్వా ఏమీ లేదు, పిడికిలే కొలత. అందరికన్నా మా నాయనమ్మ పిడికిలే పెద్దదని నేను గొప్పలు చెప్పుకునేదాన్ని.

మా బాబాయి జ్వరంతో పోయిన ఏడు ఆమె ప్రార్థన ఆగిపోయింది. అంతకుముందు తెల్లారుజామున ఆమె గొంతుకే మేం లేచేవాళ్లం. వీధిలో వాళ్లందరి పేర్లూ, చివరికి మా గేదె పేరు కూడా దేవుడికి చెప్పేది. ఇప్పుడు మంచం మీద కూర్చుని గోడ చూసేది. అయ్యగారు వచ్చి విశ్వాసం గురించి చాలాసేపు చెప్పారు. మర్యాదగా విని, మజ్జిగ ఇచ్చి పంపింది.

"ప్రార్థన చేయవా నాయనమ్మా?" అని అడిగాను.

"నోరు పెగలట్లేదే. చెప్పుకుందామంటే అవతల ఎవరూ ఉన్నట్టు లేదు."

ఎనిమిదేళ్ల పిల్లతో అనాల్సిన మాట కాదది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ ఏడే గుండ్లకమ్మా ఎండింది. ఏటి ఇసకలో చెలమ తీయడానికి నాయనమ్మ వెంట వెళ్లేదాన్ని. మోకాళ్ల మీద కూర్చుని చేతులతో తోడితే, మోచేతి లోతులో ఇసక నల్లబడి చల్లగా తగిలేది. అక్కడ ఆగాలి. ఇంకా తవ్వితే అంచులు కూలతాయి. మొదట ఊరిన బురదనీళ్లు కొబ్బరిచిప్పతో తోడి పారబోసి, మళ్లీ కూర్చోవాలి. బిందె నిండేసరికి ఎండ నడినెత్తికి వచ్చేది.

అలా కూర్చున్నప్పుడే ఒంగోలు ప్రార్థన కొండ కథ చెప్పింది. 1854 జనవరి 1న, చీకటితోనే మిషనరీ జ్యూయెట్ దొర, దొరసాని, మనవాళ్లు ముగ్గురు కొండెక్కి, ఒంగోలుకి ఒక సేవకుణ్ణి పంపమని దేవుణ్ణి అడిగారు. బాప్టిస్టు మిషను మొదలై అప్పటికి పద్దెనిమిదేళ్లు. విశ్వాసులు వేళ్ల మీద లెక్క. మూసేద్దామా అని అమెరికాలో పెద్దలు తర్జనభర్జన పడుతున్నారు. ఈ కథ అయ్యగారు చెబితే కొండ మీంచి ఒక్క గెంతులో 1878 జులై 3కి దూకేవారు: కరువు తర్వాత ఇదే గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం. ఆ అంకె మా పిల్లలందరికీ కంఠతా వచ్చు. నాయనమ్మకి దాని మీద అంత మోజు లేదు.

"కొండ దిగాక ఏమైంది?" అన్నాను.

"ఏమీ కాలేదు. ఇంటికెళ్లి గంజి కాచుకుని తాగుంటారు."

వాళ్లు అడిగిన సేవకుడు, క్లౌ దొర, ఒంగోలులో అడుగుపెట్టింది 1866లో. నడుమ పన్నెండేళ్లు. ఆ మనవాళ్లు ముగ్గురూ అన్నేళ్లు ఎలా నెట్టుకొచ్చారో అని, దగ్గరి చుట్టాల గురించి అనుకున్నట్టు, చెలమలోకి చూస్తూ చాలాసేపు మాట్లాడింది.

ఇంటికొచ్చి ఎసరు పెట్టింది. చాటలో బియ్యం అడుగున పల్చగా ఉన్నాయి. ఆమె చేయి చాటలోకి వెళ్లింది. పిడికిలి ముంత మీదికి వచ్చింది. పెదాలు మాత్రం కదల్లేదు.

"అవతల ఎవరూ లేరన్నావుగా. మరి ఎవరికి?"

పిడికిలి అక్కడే కాసేపు ఆగింది.

"ఆదివారం వస్తుందిగా," అంది, వేళ్లు వదులు చేస్తూ.