చూడటం వేరు... చూసుకోవడం వేరు!

ఇంగ్లిషు నేర్చుకునేవాళ్లను ముప్పుతిప్పలు పెట్టేవి ఫ్రేజల్ వెర్బ్స్. విడివిడిగా చూస్తే అన్నీ తెలిసిన మాటలే. కలిస్తే మాత్రం అర్థం ఇంకెక్కడికో పోతుంది. 'లుక్ ఆఫ్టర్' అలాంటిదే. లుక్ అంటే చూడటం, ఆఫ్టర్ అంటే తరవాత. రెండూ కలిస్తే 'తరవాత చూద్దాంలే' అని కాదు... బాగోగులు కనిపెట్టుకుని ఉండటం!

నిజానికి తెలుగువాళ్లకు ఇది కొత్తేమీ కాదు. మనమూ చూపులోంచే ఆ అర్థాన్ని తీసుకున్నాం. 'చూడు'కి 'కొను' చేరిస్తే చూసుకోవడం. లుక్ ఫార్వర్డ్ టు అంటే ఎదురుచూడటం. లుక్ డౌన్ ఆన్ అంటే చిన్నచూపు చూడటం. లుక్ ఫర్ అంటే వెతకడం... అమ్మాయికి సంబంధాలు 'చూడటం' అదేగా!

వాడేటప్పుడు ఒక్కటే జాగ్రత్త. 'లుక్ అప్' అయితే మధ్యలో మాట పెట్టొచ్చు. డిక్షనరీలో అర్థం చూడమనడానికి 'లుక్ ఇట్ అప్' అంటాం. లుక్ ఆఫ్టర్‌ను అలా విడదీయకూడదు. ఎవరిని చూసుకోవాలో ఆ మాట చివరే రావాలి... 'లుక్ ఆఫ్టర్ అమ్మ' అన్నట్టు.

మా ఇంట్లో ఈ మాట తరచూ వినిపిస్తుంది. అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటుంది. నేను హైదరాబాద్‌లో, అన్నయ్య డాలస్‌లో. ఫోన్ చేసినప్పుడల్లా వాడు అడిగేది ఒకటే... 'అమ్మను ఎవరు లుక్ ఆఫ్టర్ చేస్తున్నారే?' డబ్బు వాడు పంపుతాడు. మందులు నేను కొంటాను. కానీ గేటుకు తగిలించిన సంచిలో పాలప్యాకెట్ ఏడింటికి కూడా అలాగే ఉంటే, 'వదినగారూ, లేచారా?' అని గోడ మీంచి కేకేసేది పక్కింటి అత్తయ్యగారు.

తమను తాము పోషించుకోలేని కన్నవాళ్ల బాధ్యత పిల్లలదేనని 2007లో పార్లమెంటు చట్టమే చేసింది. నెలకు 10 వేల రూపాయలకు మించకుండా భరణం ఇప్పించవచ్చని అందులో రాశారు. డబ్బయితే చట్టం ఇప్పించగలదు. మరి పాలప్యాకెట్ వంక చూసే కళ్లను..?

మొన్న తెనాలి వెళ్లినప్పుడు అన్నయ్య మళ్లీ అదే అడిగాడు. అత్తయ్యగారి సంగతి చెప్పాను. సంక్రాంతికి అమ్మతోపాటు ఆవిడకూ చీర పంపుతానన్నాడు. పక్కనే వింటున్న అమ్మ ఫోన్ లాక్కుంది. 'చీర సరేగానీ, నువ్వు రారా... నిన్ను చూసి మూడేళ్లయింది!' అంది.

చూసుకోవడం తరవాత మాట. ముందు చూడాలిగా!