పదకొండో అంతస్తు నుంచి కొల్లూరు

ఔటర్ రింగ్ రోడ్డు మీద పటాన్‌చెరు వైపు వెళ్తుంటే కొల్లూరు దగ్గర ఒక్కసారిగా కనిపిస్తాయి, వరసలు వరసలుగా ఒకేలాంటి భవనాలు. నేను తరచూ దాటే దారే. లోపలికి మాత్రం ఎప్పుడూ తిరగలేదు. మొన్న ఆదివారం మా తెల్లాపూర్ అపార్టుమెంట్‌లో వంట చేసే అక్క పిలిచింది. "ఇల్లొచ్చి ఇన్నాళ్లైంది, ఒక్కసారైనా వచ్చి టీ తాగలేదు తమ్ముడూ" అంటే బండి అటు తిప్పా.

ఇది డబుల్ బెడ్‌రూం ఇళ్ల కాలనీ. 2023 జూన్ 22న ప్రారంభమైంది. మొత్తం 117 బ్లాకులు, 15,660 ఇళ్లు. సిటీలోని బస్తీల్లో అద్దెకుంటున్న వాళ్లకు లాటరీలో వచ్చినవి. కింద కూరగాయల బండ్లు, పార్కింగ్‌లో క్రికెట్. ఇంకా తాళాలు వేసిన ఇళ్లూ ఉన్నాయి. అన్నీ నిండి, ఇంటికి నలుగురు అనుకుంటే 62 వేల మంది! మా మండలం మొత్తం కలిపినా అంతమంది ఉండరేమో.

పదకొండో అంతస్తులో అక్క ఇల్లు. బాల్కనీలోంచి ఔటర్, దాని అవతల మా వైపు టవర్లు కనిపిస్తున్నాయి. ఇల్లు అద్దంలా ఉంచుకుంది. కానీ పెద్దమ్మాయి లేదు. టెన్త్ కదా, పాత బస్తీ బడిలోనే చదువుతూ అమ్మమ్మ దగ్గర ఉంటోంది. చిన్నోడి పేరూ అక్కడే ఉంది. రోజూ నాన్నతో పాటు రెండు బస్సులు మారి వెళ్తాడు. అక్క బీపీ మాత్రలు కూడా పాత బస్తీ దవాఖానా నుంచే తెచ్చుకుంటుంది.

"ఇక్కడ వేయొచ్చుగా?" అన్నా.

"సార్లు ఎంతమంది ఉంటారో ఏమో. పిల్లాడి సంవత్సరం పాడైతే?"

ఆ భయం తప్పని అనలేను. కానీ అసలు చిక్కు కూడా అక్కడే ఉంది.

రూల్స్ చూస్తే బాగానే ఉంటాయి. విద్యాహక్కు చట్టం నిబంధనల ప్రకారం 1 నుంచి 5 తరగతులకు కిలోమీటరులోపు బడి ఉండాలి. ప్రైమరీలో 30 మంది పిల్లలకు ఒక టీచర్ కావాలి. పట్టణాల్లో 50 వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. అంటే నిండిన రోజున ఈ ఒక్క కాలనీకే ఒకటి చాలదన్నమాట.

మరి ఆ లెక్క ఎక్కణ్నుంచి వస్తుంది? మనకు ఉన్న చివరి జనాభా లెక్కలు 2011వి. 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాలకు వాటాలు పంచింది కూడా ఆ జనాభా చూసే. అప్పటికి ఈ కాలనీ లేదు, తెల్లాపూర్ ఇంకా పంచాయతీనే. మళ్లీ జనాభాను లెక్కించేది 2027లో. బడి సంగతికొస్తే, రిజిస్టర్‌లో ఎంతమంది ఉంటే దాన్ని బట్టే టీచర్లు, నిధులు. అక్క కొడుకు ఉండేది ఇక్కడ, లెక్కలో ఉన్నది అక్కడ. సార్లు చాలరేమోనని పిల్లల్ని వేయరు, పిల్లలు లేరని సార్లు రారు.

మా వైపు అపార్టుమెంట్లు ఇంకా కడుతుండగానే ప్రైవేటు స్కూల్ బోర్డు వెలిసింది. వాళ్లు రేపు వచ్చే పిల్లల్ని లెక్కేస్తారు. సర్కారు మాత్రం నిన్నటి రిజిస్టర్ చూస్తుంది. విచిత్రం ఏంటంటే, ప్రైవేటు టవర్లలోకి ఎవరొస్తారో ముందే చెప్పడం కష్టం. ఈ కాలనీ కట్టింది సర్కారే. 15,660 అన్న అంకె దానికి పునాది తీయకముందే తెలుసు. ఇళ్లు మంజూరు చేసిన రోజే టీచర్ పోస్టులు, డాక్టర్ పోస్టులు కూడా అదే ఫైల్‌లో మంజూరు చేస్తే ఏం పోతుంది? లిఫ్టులు లేకుండా పదకొండు అంతస్తులు కట్టం కదా!

ఇదంతా అక్కకు చెప్పా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. టీ గ్లాసులు తీస్తూ అంది: "అయితే మా పేర్లు ఇక్కడ రాయించుకోకుంటే మేమిక్కడ లేనట్టేనా?"

"దాదాపు అంతే అక్కా."

"పెద్దదాన్ని కదపను. చిన్నోణ్ని జూన్‌లో ఇక్కడే వేస్తా. పక్కింటి వాళ్లకూ చెప్తా. పదిమందిమి కలిసి వేస్తే అడగడానికైనా నోరుంటది."

పిల్లాడి చదువు పణంగా పెట్టి రిజిస్టర్ నింపాల్సిన పని ఒక తల్లిది కాకూడదు. ఆ మాట నేను అనేలోపే ఆమె ఫోన్ నా చేతిలో పెట్టింది.

"ముందు ఆధార్‌లో అడ్రస్ మార్చు తమ్ముడూ."

బ్లాక్ నంబర్, ఫ్లాట్ నంబర్ ఆమె చెప్తుంటే టైప్ చేశా.