ఒక పక్కే నమిలే పిల్లి

లాల్‌దర్వాజ బోనాలకని డాలస్ నుంచి వచ్చి గౌలిపురాలో మా అన్నయ్య ఇంట్లో దిగాను. జాతర అలసట ఇంకా తీరనేలేదు, వెనకింటి ఖాలా గోడ మీంచి పిలిచింది. "బేటీ, అమెరికాల నీక్కూడా పిల్లి ఉందంట గదా. జర మా రాణిని చూసి పో."

నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అయినా విమానం దిగినవాళ్లకు అన్నీ తెలుస్తాయని మా గల్లీలో ఇప్పటికీ ఒక నమ్మకం.

ఖాలా మాంసం దుకాణం నుంచి తెచ్చిన ఛీచడేలు సన్నగా కోసి సత్తు పళ్లెంలో పెట్టింది. రాణి ఉరుక్కుంటూ వచ్చింది. వాసన చూసింది, ఒక ముక్క నోట కరుచుకుంది, తల ఎడమకు వాల్చి నమలబోయింది. అంతలోనే కుయ్యిమని ముక్క వదిలేసి, పళ్లెమే తనను కరిచినట్టు దాని మీదికి బుసకొట్టింది. రెండడుగులు వెనక్కి పోయి, ఆకలి ఆగక మళ్లీ వచ్చింది. ఈసారి తల కుడికి వాల్చింది.

"పది రోజుల సంది గిట్లనే. ఆకలి లేక గాదు. నోట్ల ఏదో ఉంది" అంది ఖాలా.

నాకు లోలోపల సిగ్గేసింది. డాలస్‌లో మా పిల్లి మిర్చి నోరు దాదాపు ఏడాదిపాటు కంపు కొట్టింది. పిల్లి నోరు మల్లెపూల వాసన వస్తుందా ఏమిటి అని నవ్వుకున్నాం. గిన్నె ఖాళీ అవుతోంది కదా, ఇంకేం కావాలి? పొడి మేత నమలకుండా గుటుక్కున మింగుతోందని తోచనేలేదు. చివరికి మత్తిచ్చి ఎక్స్‌రే తీస్తే రెండు పళ్లు చిగురు కింద సగం కరిగిపోయి ఉన్నాయి. మనకు మిఠాయిలతో వచ్చే పుచ్చు కాదది. అసలు పిల్లి నాలుకకు తీపి తెలియదు. దాని ఒంట్లోని కణాలే పంటిని కొరుక్కు తింటాయి, ఎందుకో ఇప్పటికీ సరిగా తేలలేదు. రెండూ పీకించాం. ఆ బిల్లు చూసి మా ఆయన తన రూట్ కెనాల్‌ను మరుసటి ఏడాదికి వాయిదా వేసుకున్నాడు.

మర్నాడు రాణిని కూరగాయల బుట్టలో కూర్చోబెట్టి, పైన ఇంకో బుట్ట బోర్లించి తాడు కట్టి, ఆటోలో చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకు బయల్దేరాం. దారంతా ఖాలా బుట్ట సందులో వేలు పెట్టి దువా చదువుతూనే ఉంది.

డాక్టరమ్మ ముందు బొటనవేలితో పెదవి పైకెత్తి చూసింది. పళ్ల మీద పసుప్పచ్చ గార. పిల్లికి ముప్పై పళ్లు, కుక్కకు నలభై రెండు. రోజూ పట్టే పాచిని తీయకపోతే రెండు మూడు రోజుల్లోనే గట్టిపడి గారవుతుంది, తర్వాత బ్రష్షుతో రాదు. మూడేళ్లు నిండేసరికి చాలా కుక్కలకూ పిల్లులకూ చిగుళ్ల జబ్బు ఎంతో కొంత మొదలయ్యే ఉంటుందట. రాణి బాధ మాత్రం అంతకు మించింది. నోరు తెరిస్తే దవడలు కలిసే మూలల్లో పచ్చిపుండులా ఎర్రగా ఉంది. తన పళ్ల మీది పాచినే ఒళ్లు శత్రువనుకుని నోరంతా మంటపెట్టుకునే జబ్బు. పిల్లుల జలుబు వైరస్సుల్లో ఒకటైన కాలిసి వైరస్‌కూ ఇందులో పాత్ర ఉంటుందంటారు. మందులతో తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుంది. వెనక పళ్లన్నీ తీయిస్తే ఎక్కువ పిల్లులు తేరుకుంటాయి, కొన్నింటికి ఆ తర్వాత కూడా మందు తప్పదు.

"పండ్లన్నీ పీకితే ఏం తింటదమ్మా?" ఖాలా గొంతు వణికింది.

"పిల్లి మనలాగ నమలదు ఖాలా, కోసి మింగుతది. నొప్పి పోతే చిగుళ్లతోనే తింటది" అంది డాక్టరమ్మ. మా మిర్చి ఏం తింటోందో నేను సాక్ష్యం చెప్పాను.

తిరుగు దారిలో ఖాలా అడిగింది, మక్కా మసీదు దగ్గర అమ్మే మిస్వాక్‌తో రుద్దొచ్చా అని. ఆటోవాలా ఒకటే నవ్వు. వేలికి తడిబట్ట చుట్టి మొదలుపెట్టొచ్చు, అదీ పుండు మానాకనే. మన పేస్టు మాత్రం వద్దు. పిల్లి ఉమ్మలేదు, మింగేస్తుంది. కొన్ని పేస్టుల్లో ఉండే జైలిటాల్ కుక్కల ప్రాణానికే ముప్పు.

గల్లీ మొదట్లో హోటల్ కుక్క పడుకుని ఉంది. దాని కుడి కంటి కింద ఉబ్బు. ఎవరో రాయి విసిరారన్నారు పిల్లలు. కావచ్చు. కానీ హోటల్‌వాళ్లు రోజూ దానికి వేసే నల్లీ బొక్కలే నాకు గుర్తొచ్చాయి. బొక్క కొరికితే పైదవడలోని పెద్ద పన్ను చెక్కలా చీలుతుంది, వేరులో చీము పట్టి సరిగ్గా ఆ కంటి కిందే ఉబ్బుతుంది. ఒక పిల్లాడు నోరు తెరిచి చూస్తానని వంగాడు. ఆటోవాలా వాడి చొక్కా పట్టి వెనక్కి లాగాడు. రేబిస్ పట్టిన కుక్క కూడా గొంతులో బొక్క ఇరుక్కున్నట్టే చొంగ కారుస్తూ దవడ వేలాడేస్తుంది. అలా వేలు పెట్టి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. అన్నయ్య పశువుల దవాఖానకు ఫోన్ చేశాడు.

నేను డాలస్ చేరాక రాణి వెనక పళ్లు తీయించారు. ఇప్పుడు ప్రతి జుమ్మాకు ఖాలా వీడియో కాల్ చేస్తుంది. తన మొహం కనపడనివ్వదు. పిల్లిని తువాల్లో చుట్టి పెదవెత్తి, ఫోను మరీ దగ్గరికి తెస్తుంది. "ఎర్రగుందా తగ్గిందా, సరిగ్గ చూడు బేటీ!" నాకు మీసాలు తప్ప ఏమీ కనిపించవు.