వెయ్యి గళ్ల గాజు పలక

గుంతకల్లులో రాత్రి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాటికి విశాఖ. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే పండగ చేసుకునే వాడివి, నీకు సముద్రంతో పనేమిట్రా అని ఇంట్లో నవ్వారు.

విశాఖ బీచ్ రోడ్డు దగ్గరున్న ఓ సముద్ర పరిశోధనశాలలో, పొద్దున్నే పడవలో వెళ్లి పట్టుకొచ్చిన నీళ్లు సీసాల్లో ఉన్నాయి. అక్కడి శాస్త్రవేత్త మేడమ్ అయోడిన్ చుక్కలు వేశారు. నీళ్లలో తేలే సూక్ష్మజీవులు, అంటే ప్లవకాలు, చచ్చి అడుక్కి దిగాక, అందులో ఒక్క మిల్లీలీటరు వెయ్యి గళ్ల గాజు పలక మీద పోసి మైక్రోస్కోపు కింద పెట్టారు. గొలుసుగా అతుక్కున్న కణాలు, ఒక్కోదానికీ సన్నటి పొడుగాటి ముళ్లు. కీటోసెరాస్ అట. డయాటమ్‌లనే వృక్షప్లవకాల్లో ఒక జాతి, పెంకు సిలికాది.

"మీ వైపు బోరులో నీళ్లుండి, కరెంటు లేకపోతే ఏం చేస్తారండీ?" అన్నారు. ఇక్కడా అంతే. పోషకాలు అడుగున ఉంటాయి. నదుల మంచినీరు తేలికగా పైన పరుచుకోవడంతో బంగాళాఖాతం ముందే పొరలు కట్టి ఉంటుంది. పైనీరు వేడెక్కేకొద్దీ ఆ పొర ఇంకా బిగుస్తుంది. వేసవిలో ఒడ్డు వెంట వీచే గాలే మోటారు. అది కిందినీళ్లను పైకి లాగితేనే డయాటమ్‌లకు తిండి. 1950ల్లోనే లాఫాండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చి ఈ తీరంలో కిందినీళ్లు పైకి రావడాన్ని కొలిచాడు.

తిండి తగ్గితే పెద్ద డయాటమ్‌ల చోట అతిచిన్న కణాలు నెగ్గుతాయి. వాటి నుంచి చేప దాకా మెట్లు ఎక్కువ, మెట్టు మెట్టుకీ తరుగు. పశ్చిమ హిందూ మహాసముద్రంలో అరవై ఏళ్లలో వృక్షప్లవకాలు 20 శాతం దాకా తగ్గాయని 2016లో వచ్చిన అధ్యయనం. విశాఖలో లెక్క అంత తేలిక కాదు: ఊరి మురుగు కూడా ఎరువే, దాంతో సంఖ్య పెరిగినట్టే కనిపించొచ్చు. అందుకే ఎన్ని ఉన్నాయన్న దానికన్నా ఎవరున్నారన్నదే అసలు ప్రశ్న అనిపించింది నాకు.

సాయంత్రం ఫిషింగ్ హార్బరుకి వెళ్లాను. ఉపగ్రహం చూసిన నీటి వేడినీ పచ్చదనాన్నీ బట్టి చేపలుండే చోటును హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ రోజూ చెబుతుంది. అది పనికొస్తుందా అని ఓ సరంగుని అడిగాను.

"డీజిల్ కలిసొస్తాది బాబూ. ఎటెల్లాలో ఫోను సెప్తాది. కవళ్లో, కానాగంతలో మాత్రం వలే సెప్పాల."